తొమ్మిదో నంబరు ఇంటి కప్పు

త్రినాథరావు ఉపన్యాసం మంచి ఊపులో ఉండగా, ఎవరో అమ్మాయి వచ్చి అతని ఫైరింజన్ని మూరలు పెట్టి కొలవడం మొదలుపెట్టింది.

1981 ఏప్రిల్. అగ్నిమాపక వారోత్సవాలు. విశాఖపట్నం రేవులో సరుకు మోసే కలాసీలంతా ఉండే గంగమ్మవరస. ముప్పై తాటాకు ఇళ్ళు, ఒకదాని చూరు ఇంకొకదాని చూరుని రాసుకుంటూ పడమర నుంచి తూర్పుకి ఒకటే వరస. వాటి ముందు ఒక సన్నటి సందు. ఆ సందు తూర్పు మొగలో బండి ఆపి, ఖాకీ బట్టల ఇస్త్రీ నలక్కుండా నిలబడి, మైకు పట్టుకున్నాడు మన త్రినాథరావు. ఊరు పద్మనాభం, వయసు ఇరవయ్యారు, ఉద్యోగం ఫైర్‌మన్. మైకు దొరికితే వదలడని స్టేషన్లో పేరు.

"కాబట్టి తల్లులారా, నిప్పంటుకుంటే కంగారు పడకండి. వెంటనే ఒకటి సున్నా ఒకటికి ఫోను చెయ్యండి. నిమిషాల్లో మా బండి మీ గుమ్మంలో ఉంటుంది!"

"ఉండదండి" అంది కొలుస్తున్న అమ్మాయి.

మైకు కూఁ మంది. జనం అటు తిరిగారు.

"మీ బండి వెడల్పు అయిదు మూరలు. మా సందు నాలుగు మూరలు. గుమ్మంలోకి ఎలగొస్తాది? సంకనెట్టుకుని తెత్తారేటి?"

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. త్రినాథరావు చెవులు ఎర్రబడ్డాయి.

"మీరెవరండి?"

"గౌరీశ్వరి. ఇక్కడ బాల్వాడీ టీచర్ని. ఇంకో మాట సెప్పనా? మా వరసలో ఫోను లేదు. ఉన్న ఫోను రేవు గేటు కాడ. ఎంత లగెత్తినా పది నిమిషాలు. పడమటి గాలి తోల్తంటే పది నిమిషాల్లో ఎన్ని తాటాకిల్లు కాలతాయో మీకు తెలదేటి?"

అతనికి తెలుసు. తెలుసు కాబట్టే మైకు కిందికి దించాడు.

"మరేటి సెయ్యమంటారు?" అన్నాడు చివరికి. ఇస్త్రీ చేసిన భాష ఎటుపోయిందో, పద్మనాభం భాష బయటికొచ్చేసింది.

"నన్నడుగుతారేటి? మైకు మీ సేతిలో ఉంది."

నాలుగో రోజు అతని వీక్లీ ఆఫ్. మామూలు చొక్కాలో బాల్వాడీ ముందు దిగాడు.

"మళ్ళీ మైకు తెచ్చేరా?" అంది గౌరీశ్వరి.

"టేపు తెచ్చేను. మూరలు మడిసికో రకంగా ఉంటాయి. మీ సెయ్యి సిన్నది."

"నా సెయ్యి ఎంతుందో అప్పుడే సూసేసేరా?"

త్రినాథరావు గబగబా టేపు విప్పాడు. సందు కొలిచాడు. ఆరడుగుల రెండంగుళాలు. బండి ఏడున్నర. ఆమె చిన్న చెయ్యే గెలిచింది.

కొలత అయ్యాక నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "ఎందుకండీ ఇంత పట్టుదల?"

ఆమె చెయ్యెత్తి వెనక వైపు చూపించింది.

"మూడేళ్ళ కిందట మా వెనక వరస కాలిపోయింది. మా పిన్ని అందులో ఉండేది. నిప్పుకి పోలేదండి మా పిన్ని. ఇక్కడ నిప్పన్న మాట ఇంటే సాలు, ప్రతివోలూ ముందు ఇంట్లో పెట్టె లాగుతారు. పెల్లినాటి ట్రంకు పెట్టె. అన్నీ తెచ్చి సందులో ఎడతారు. ఆ రోజు సందు నిండా పెట్టెలే. మడిసి దాటడానికి సోటు లేదు. పిన్ని ఆ పెట్టెల మజ్జిని పడిపోయింది. పొగ. అంతే."

త్రినాథరావు టేపు మెల్లగా చుట్టేశాడు.

"ఈ రోహిణి కార్తెకి వరసంతా తయారై ఉండాల. మీరు సాయం సేత్తానంటే సెయ్యండి. లేపోతే టేపు అట్టుకుని ఎల్లిపోండి."

"సేత్తాను" అన్నాడు త్రినాథరావు. ఆ క్షణం నుంచీ అతనికి ఆఫ్ అంటే గంగమ్మవరసే.

మొదటి ప్రాక్టీసు ఘోరంగా జరిగింది. గౌరీశ్వరి "నిప్పో!" అని కేకేసింది. రెండు నిమిషాల్లో ముప్పై ఇళ్ళ పెట్టెలూ సందులో ఉన్నాయి. త్రినాథరావు ఒక గోడకీ దేముడమ్మ పెట్టెకీ మధ్య ఇరుక్కుపోయి ముందుకీ వెనక్కీ కదల్లేకపోయాడు. దేముడమ్మ వరసకంతటికీ పెద్దావిడ. పెట్టె మీద ఎక్కి కూర్చుంది.

"పెట్టె ఒగ్గీ మామ్మా, పేణం ముక్యం" అన్నాడు జాలిగా.

"పేణం ఎప్పుడో ఒకప్పుడు పోతాది నాయినా. ఈ పెట్టె మా అమ్మిచ్చినాది. ఒగ్గను."

నీళ్ళ ప్రాక్టీసు ఇంకా ఘోరం. కుళాయి నుంచి బిందెలు చేతులు మార్చుకోండమ్మా అంటే, ఎవరి ముందు ఎవరు నిలబడాలని జుట్లు పట్టుకున్నారు. రోజూ కుళాయి దగ్గర జరిగేదే. త్రినాథరావు తల పట్టుకుని కూర్చున్నాడు.

"వీళ్ళు వరసలో నిలబడరండీ. జన్మకి నిలబడరు."

"అమ్మోరి పండక్కి ఘటాలెత్తినప్పుడు నిలబడరేటి?" అంది గౌరీశ్వరి. అని, తన మాటకి తనే ఆగిపోయింది. "ఉండండి, ఉండండి!"

అమ్మవారి పండక్కి ఈ ఆడవాళ్ళే తలమీద ఘటాలతో నడుస్తారు. ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లో తాతల నాటి నుంచీ ఉన్న వరస. పోట్లాట ఉండదు, తోపులాట ఉండదు. అందరికంటే ముందు దేముడమ్మ ఘటం.

"మామ్మా! నిప్పంటుకుంటే ఘటాల వరసలో నిలబడాల. మొదటి బిందె నీది. నువ్వు కదిలితేనే వరస కదులుతాది."

దేముడమ్మ ఆలోచించింది. "మొదటిది నాదేనా? మాటేనా?"

"మాటే. కానీ బిందెకి రెండు సేతులూ కావాల. మరి పెట్టె?"

ముసలావిడ మనవరాలి వయసు పిల్లని ఎగాదిగా చూసి, "దొంగ గుంటవే నువ్వు" అంది. ఆ తర్వాత మళ్ళీ పెట్టె ముట్టుకోలేదు. పెద్దావిడే వదిలేశాక మిగతా వాళ్ళకి లాగే మొహం లేకపోయింది.

త్రినాథరావు ఆ సాయంత్రం స్టేషన్లో మైకు లేకుండానే గంటసేపు మాట్లాడాడు. అంతా ఒక టీచరు తెలివితేటల గురించే.

మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం దబదబా వాన కురిసింది. ఇద్దరూ బాల్వాడీ చూరు కింద చిక్కుకున్నారు. ఆమె ముంగురుల మీద చినుకులు, అతని భుజానికి జానెడు దూరంలో ఆమె భుజం. ఇలాంటప్పుడు ఏ కుర్రాడికైనా ఏదో ఒక పాట గుర్తుకొస్తుంది. త్రినాథరావుకీ వచ్చింది. ఆమె వైపు తిరిగాడు. ఆమె కళ్ళు మెరుస్తూ ఇళ్ళ కప్పుల వైపు చూస్తోంది.

"ఆకు బాగా తడిసింది. రేపు పొద్దుటిదాకా బెంగ లేదు" అంది సంతోషంగా.

త్రినాథరావు పాట మింగేశాడు.

ఇక అసలు సమస్య మిగిలింది. బిందెలతో తాటాకు మంట ఆరదు. నిప్పుకి ముందు ఎక్కడో ఒక ఇంటి కప్పు దించెయ్యాలి. దాటడానికి చూరు దొరక్కపోతే మంట అక్కడ ఆగుతుంది. ఆ మాట చెప్పడానికి ఒక ఆదివారం అందర్నీ కూర్చోబెట్టాడు.

"ఎవలి ఇల్లు?" అన్నారు.

అందరూ నేల చూపులు చూశారు.

"తొమ్మిదో నంబరు" అంది గౌరీశ్వరి. "గాలి పడమట్నించి వత్తాది. తొమ్మిదికి ముందు ఆపలేం, తరవాతైతే సానా ఇల్లు పోతాయి. అది మాది."

వెనక నుంచి ఒక పొడుగాటి మనిషి లేచాడు. వరహాలు. ఆమె తండ్రి. ఆ ఉగాదికే కొత్త తాటాకు తెచ్చి, సెలవు పెట్టి, ప్రతి ముడీ తనే వేసి ఇల్లు కప్పుకున్నాడు. వరసలో అంత అందమైన కప్పు ఇంకోటి లేదు.

"నా కప్పు మీద సెయ్యేత్తే సెయ్యి ఇరిసేత్తాను! ఏటర్రా, పరాయోడొచ్చి నా ఇల్లు పీకుతానంటే మీరంతా సూత్తా కూకుంటారా?" అని త్రినాథరావు వైపు వేలు చూపించాడు. "ఈడు ఇల్లు పీకడానికే వత్తన్నాడో, పిల్ల కోసం వత్తన్నాడో నాకు తెలదనుకోకండి!"

మీటింగు అక్కడితో సరి.

గౌరీశ్వరి అతన్ని ఫైర్‌స్టేషన్ క్వార్టర్సు వైపు వెళ్ళే బస్సు దాకా సాగనంపడానికి వచ్చింది. సగం దూరం వెళ్ళాక ఆగింది.

"మా అయ్య అన్నది నిజవేనా?"

"ఏది?"

"రెండోది."

త్రినాథరావు నాలుగడుగులు వేశాడు. "మొదటిది కూడా నిజవే" అన్నాడు.

ఆమె ఫక్కున నవ్వింది. నవ్వి, వెంటనే ముఖం గట్టిగా పెట్టుకుంది. "నా మనసులో ఏటుందో మీకు తెలిసే ఉంటాది. కానీ రోహిణి కార్తె దాటేదాకా నా బుర్రకి పెల్లి మాట ఎక్కదు. వరస నిలబడితే అప్పుడడగండి."

"నిలబడకపోతే?"

"అడగడానికి మీకు మొకవుండదు. సెప్పడానికి నాకూ ఉండదు."

కఠినమైన మాటే. కానీ ఆ మాట అన్న తీరుకి త్రినాథరావు ఆమెని ఇంకొంచెం ప్రేమించాడు. ఆ రోజు నుంచి ప్రతి ఇంట్లో పొయ్యి బూడిద మీద నీళ్ళు చల్లేదాకా వదల్లేదు. చూరుచూరుకీ తడిపిన గోనెసంచి వేలాడదీయించాడు. వరహాలు మాత్రం ఒక్క మెట్టు కూడా దిగి రాలేదు. అతను ఎదురైతే ఆయన ఉమ్మేసి పక్కకి పోయేవాడు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండ. పదో రోజు, శుక్రవారం, మధ్యాహ్నం రెండింటికి, తొమ్మిదో నంబరు గుమ్మంలో అరటిపళ్ళ సంచితో ఒక పెద్దావిడ నిలబడింది.

"నాను సిలకమ్మని. తినాదు తల్లిని. రోహిణి దాటాక రావే అన్నాడు ఆడు. సుక్కురోరం మంచిదని నానే ఇయాల బస్సెక్కేసినాను."

గౌరీశ్వరి బిత్తరపోయింది. ఇంటికొచ్చిన ఆడమనిషిని కాదనలేక వరహాలు మంచం వాల్చాడు. చిలకమ్మ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని గెడ్డం పట్టుకుంది.

"మావోడు ఇంటికొత్తే నీ పేరు సెప్పడమ్మా. నీ సందు కొలత సెప్తాడు. ఆరడుగుల రెండంగులాలు. అప్పుడే అనుకున్నాను, ఈడికి ముదిరిపోయినాదని."

గౌరీశ్వరి సిగ్గుపడబోయింది. అంతలో పడమటి వైపు నుంచి కేక.

"నిప్పో!"

వరస చివర చెత్తకుప్పలో ఎవరో పారేసిన నిప్పు, గాలికి లేచి ఒకటో నంబరు చూరు పట్టుకుంది. గౌరీశ్వరి బయటికి దూకేసరికి రెండోది కూడా అంటుకుంది.

"గేటుకి ఇద్దరు లగెత్తండి! ముసలోల్లూ పిల్లలూ తూరుపుకి! పెట్టెలొద్దు! ఘటాలు! ఘటాలు!"

దేముడమ్మ ఇంట్లోంచి వచ్చింది. పెట్టె తలుపు పక్కనే ఉంది. దాని వైపు చూడకుండా దాటి కుళాయి దగ్గరికి వెళ్ళి మొదటి బిందె ఎత్తింది. ఆమె వెనక ఒక్కొక్కరే, ఎవరి చోటులో వాళ్ళు. సందు ఖాళీగా ఉంది. నిప్పు లేచినప్పుడు ఆ సందులో ఒక్క పెట్టె కూడా లేకపోవడం అదే మొదటిసారి.

బండి గంట వినబడేసరికి అయిదో ఇల్లు మండుతోంది. సందు మొగలోనే బండి ఆగింది. నలుగురు పైపు లాగుతూ పరిగెత్తారు. వాళ్ళ ముందు పొడుగాటి ఇనప కొక్కెంతో త్రినాథరావు. బండిలో నీళ్ళు పది నిమిషాలకి మించి రావు. కప్పు దించక తప్పదు.

తొమ్మిదో నంబరు ముందుకొచ్చి బొమ్మలా నిలబడిపోయాడు. గుమ్మంలో చేతులు చాపి వరహాలు. ఆయన వెనక అరటిపళ్ళతో తన తల్లి.

"అమ్మా! నువ్వేటిక్కడ?"

"పిల్లని సూడ్డానికొచ్చినాను. నీ సేతిలో ఆ కొక్కెం ఏటి?"

"ఇల్లు పీకడానికొచ్చేను."

"నా పేణం తీసి పీకు!" అని అరిచాడు వరహాలు.

త్రినాథరావు కొక్కెం ఎత్తాడు. ఎత్తి ఆగాడు. నెట్టేసి పీకడం అతని డ్యూటీ. ఆ మనిషి కళ్ళల్లోకి చూస్తూ ఆ పని చెయ్యడం ఎలాగో అతనికి తెలియలేదు. గౌరీశ్వరి బిందె పక్కవాళ్ళకిచ్చి వచ్చింది. ముఖం నిండా మసి.

"అయ్యా, నీ కప్పు ఎలాగూ ఉండదు. కాలితే ముప్పై ఇల్లూ పోతాయి. దించితే ఇరవయ్యొకటి ఉంటాయి. పిన్నప్పుడు మనం ఏటీ సెయ్యలేకపోనాం. ఇప్పుడు సెయ్యగలం. నీ కాల్లట్టుకుంటాను, సరేనని సెప్పు."

వరహాలు చాపిన చేతులు దించలేదు. అప్పుడు చిలకమ్మ సంచి కింద పెట్టింది. కొంగు బొడ్లో దోపుకుంది.

"అన్నయ్యా, మా ఊల్లో గడ్డికుప్ప అంటుకుంటే పక్క కుప్ప ఎవులిదో ఆలే ముందు సెయ్యేత్తారు. పరాయోడు లాగితే పోగొట్టుకున్నట్టు. మనం లాగితే ఊరికి ఇచ్చినట్టు. నీ ఇట్టం."

ఆరో ఇల్లు కూలింది. నిప్పురవ్వలు నెత్తిమీదుగా ఎగిరాయి. వరహాలు పైకి చూశాడు. తన చేత్తో కట్టిన కప్పు.

"కొక్కెంతో లాగితే రాదది" అన్నాడు బొంగురు గొంతుతో. "ముడులు నాను కట్టినాను. నానే కొయ్యాల. కత్తి తే అమ్మా!"

గోడ పట్టుకుని ఒక్క ఊపున పైకెక్కాడు. ఓడలో తాళ్ళు కోసినట్టు చకచకా కోశాడు. మధ్య దూలం కట్లు తెగేసరికి కప్పంతా ఒక పక్కకి ఒరిగింది. ఆయన దూకాడు. కింద కొక్కెంతో త్రినాథరావు, చేతులతో చిలకమ్మ, గౌరీశ్వరి, వీధిలో ఉన్న మగాళ్ళు అందరూ లాగారు. కొత్త తాటాకంతా తూర్పుకి ఈడ్చుకుపోయారు. పదో ఇంటి మీద గోనెసంచులు పరిచి బిందెలు కుమ్మరించారు.

మంట ఎనిమిదో ఇంటి దాకా వచ్చింది. తొమ్మిది మీదికి నాలుక చాపింది. అక్కడ మట్టిగోడలే ఉన్నాయి. పైపు నీళ్ళు దాని ముఖాన కొట్టాయి. ఒకసారి లేచింది, రెండోసారి లేచింది, మూడోసారి లేవలేదు.

గౌరీశ్వరి తూర్పు మొగకి పరిగెత్తి బాల్వాడీ పిల్లల్ని లెక్కపెట్టింది. తర్వాత పెద్దవాళ్ళని. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది. అందరూ ఉన్నారు. ఒక్కరు కూడా తగ్గలేదు. అప్పుడు నడిరోడ్డు మీద కూలబడి, మూడేళ్ళ నుంచి ఏడవని ఏడుపంతా ఏడ్చేసింది.

త్రినాథరావు ఆమె పక్కన కూర్చున్నాడు. కనుబొమలు సగం కాలిపోయాయి. చూడ్డానికి ఏమంత బాగాలేడు.

"అడగనా వద్దా?" అన్నాడు. "రోహిణి ఇంకా అయిపోలేదు. ఎనిమిది ఇల్లు కాలిపోయాయి."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "మడుసులంతా ఉన్నారు. అడగండి."

"గౌరీ, నువ్వంటే నాకు పేణం. నన్ను సేసుకుంటావా?"

"సేసుకుంటాను" అంది ఆమె, అందరికీ వినబడేలా. "కానీ బాల్వాడీ మానను. ఆ ఎనిమిది ఇల్లూ మళ్ళీ లేచేదాకా ముహూర్తం పెట్టొద్దు. లేచినప్పుడు ఇంటికీ ఇంటికీ మజ్జిన రెండు బారలు ఒదలాల. కొలత మీదే."

"టేపుంది" అన్నాడు త్రినాథరావు.

చిలకమ్మ అరటిపళ్ళ మీద బూడిద దులుపుతూ వరహాలు ముందుకొచ్చింది. "అన్నయ్యా, మరి నీ మాటేటి?"

వరహాలు కప్పు లేని తన ఇంట్లో నిలబడి ఉన్నాడు. నెత్తిన ఎండ.

"పిల్లనివ్వడానికి నాకిప్పుడు ఇల్లే నేదు సెల్లెమ్మా."

"ఇల్లున్నోల్లని సానామందిని సూసినాను. ఊరి కోసం ఇల్లొదిలిన మడిసి పిల్ల నా ఇంటికొత్తే నాకదే సాలు."

ఆయన గుమ్మంలోకి వచ్చాడు. మొదట కాలిన ఎనిమిది ఇళ్ళ వైపు చూశాడు. తర్వాత నిలబడిన ఇరవయ్యొక్క ఇళ్ళ వైపు చూశాడు. ఒక నిర్ణయానికొచ్చినట్టు నడుముకి తువ్వాలు బిగించాడు.

"ఈ జాగాలో మళ్ళీ ఇల్లు కట్టను" అన్నాడు. "తొమ్మిదో నంబరు ఇలగే ఖాళీగా ఉండాల. ఏ రోహిణి వచ్చినా నిప్పు ఇక్కడ దాటకూడదు. ఎవులూ గుంజ పాతకూడదు, సెప్తన్నాను."

దేముడమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

"మరి నువ్వెక్కడుంటావు అయ్యా?" అంది గౌరీశ్వరి బెంగగా.

నెల రోజులుగా ఎదురైతే ఉమ్మేసి పక్కకి పోయిన ఆ మనిషి, తిన్నగా త్రినాథరావు దగ్గరికి నడిచి వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు.

"మీ క్వార్టర్సులో నాకో మంచం పడతాదేటి, అల్లుడా?"